మంచు తీసేస్తే దీవి చిన్నదైంది

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కంప్యూటర్ ఆటల గురించి వచ్చిన వ్యాసం చదివి ఇది రాస్తున్నాను. 2006లో వచ్చిన ‘ఆబ్లివియన్’ ఆటను 2025 ఏప్రిల్‌లో కొత్త బొమ్మలతో మళ్లీ విడుదల చేసిన సంగతి చెబుతూ, పాత ఆటలు ఇలా ముస్తాబైతే తప్ప నేటి కంప్యూటర్ల మీద చూడదగ్గవి కావని మీ రచయిత తీర్పు చెప్పారు. పక్కనే, తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుల ధరల పట్టిక వేశారు. పట్టిక మీద నాకు పేచీ లేదు, తీర్పు మీదే ఉంది. ఆబ్లివియన్ కంటే నాలుగేళ్లు ముందు పుట్టిన ‘మారోవిండ్’ను ఈ వేసవిలో మా ఇంట్లోని కొత్త కంప్యూటర్ మీద మొదటి నుంచి చివరి దాకా ఆడాను కనుక కాస్త వివరంగానే రాస్తాను. నిడివి ఎక్కువైతే కత్తిరించుకోండి. దారులు చెప్పే భాగం మాత్రం ఉంచండి.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ‘ద ఎల్డర్ స్క్రోల్స్’ అనే వరుసలో మారోవిండ్ మూడోది, ఆబ్లివియన్ దాని తర్వాతిది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డా సంస్థ 2002 మే నెలలో విడుదల చేసింది. సారథి టాడ్ హోవార్డ్, ప్రధాన రూపకర్త కెన్ రోల్‌స్టన్, సంగీతం జెరెమీ సోల్. కథ జరిగేది వార్డెన్‌ఫెల్ అనే దీవిలో. నడుమ రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం, దాని చుట్టూ బూడిద నేలలు, నైరుతి తీరం వెంట చిత్తడి, తూర్పున మనుషులు కాపురముండే పుట్టగొడుగులు. ఆల్డ్‌రూన్ అనే ఊళ్లోనైతే చచ్చిన మహా పీత డొప్పలో పెద్దల ఇళ్లు. మీరొక ఖైదీ. ఓడలో తెచ్చి సేడా నీన్ అనే రేవులో దించుతారు. పేరు, జాతి, వృత్తి, పుట్టిన రాశి రాసుకుంటారు. బాల్మోరా వెళ్లి కైయస్ కొసాడెస్ అనే మనిషికి ఇవ్వమని ఒక కాగితాల కట్ట చేతిలో పెడతారు. ఆయన ఇల్లెక్కడో చెప్పరు. సౌత్ వాల్ అనే పూటకూళ్ల ఇంట్లో అడగమంటారు. ఆ తర్వాత వెళ్తారో మానుతారో మీ ఇష్టం. వెంటపడి తరిమేవాళ్లు ఎవరూ ఉండరు.

నేను భూమి సర్వేయర్ని. గొలుసు లాగి పొలాలు కొలిచిన చివరి తరం మాది. గొలుసంటే 66 అడుగులు, నూరు లింకులు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా పెద్దమ్మ కొడుకు న్యూజెర్సీ నుంచి వస్తూ ఈ ఆట పెట్టె తెచ్చి ఇచ్చాడు. “నీకు పటాలంటే పిచ్చి కదరా, లోపల ఒకటుంది చూసుకో” అన్నాడు. నిజంగానే పెట్టెలో దీవి మొత్తం అచ్చు వేసిన కాగితపు పటం మడిచి పెట్టి ఉంది. ఆట ఎక్కించకముందే దాన్ని నేల మీద పరిచి కూర్చున్నాను. ఊళ్లు, కోటలు, శిథిలాలు, నదులు అన్నీ ఉన్నాయి. స్కేలు మాత్రం లేదు. వృత్తిరీత్యా ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మా శాఖవారికి ఈ ఆటలో ఒక ప్రత్యేక ఆకర్షణ కూడా ఉంది. సేడా నీన్ దాటి కొద్ది దూరం నడిస్తే గడ్డిలో ఒక శవం కనిపిస్తుంది. పన్ను వసూలుదారు ప్రొసెసస్ విటెలియస్. జేబులో వసూలు చేసిన బంగారం, పన్నుల చిట్టా అలాగే ఉంటాయి. బంగారం నొక్కేసి పోవచ్చు. కార్యాలయంలో అప్పగించి, చంపినవాణ్ని పట్టుకునే పని పుచ్చుకోవచ్చు. వాడు పక్కనే గుడిసెలో ఉండే మనిషి. ఎందుకు చంపావంటే, పన్ను పెంచి ఆ పెంచినది తన జేబులో వేసుకుంటున్నాడు కాబట్టి అంటాడు. దీపస్తంభం దగ్గరి స్త్రీ మాత్రం ఆ చచ్చినవాడు ఎంత మంచివాడో చెబుతుంది. ఎవరి మాట నిజమో ఆట తేల్చదు. రెవెన్యూ శాఖలో పనిచేసిన ఎవరికైనా ఈ చిన్న తగాదా చాలా సహజంగా తోస్తుంది. ఇంతకు మించి నన్ను రాయనివ్వకండి.

ఇక అసలు విషయం, చూపు.

2003లో నా కంప్యూటర్ ఈ ఆటకు చాలీచాలని యంత్రం. పెట్టె మీద వాళ్లు అడిగిన కనీసం 500 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, విండోస్ ఎక్స్‌పీకి 256 ఎంబీ మెమరీ, 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు. నాది ఆ గీతకు కాస్త పైన. ఆ రోజుల్లో ఈ ఆటలోని నీళ్ల గురించి గొప్పగా చెప్పుకొనేవారు. అలల మీద వెలుగు మెరవాలంటే, చుక్క చుక్కకూ వెలుగునీడలు లెక్కకట్టే పిక్సెల్ షేడర్లున్న కార్డు కావాలి. జీఫోర్స్ 3 కార్డుకు అవి ఉండేవి. నా జీఫోర్స్ 2కు లేవు. అందువల్ల నా దీవి చుట్టూ కదలని నీలిరంగు రేకు పరిచి ఉండేది. చూపు దూరం సర్దే మీట ఒకటుంటుంది. దాన్ని ఎడమ చివరకు జరిపితే గానీ ఆట కదిలేది కాదు. కాబట్టి నాకు దొరికినది ఒక మంచు గది. ముందు నాలుగు చెట్లు, ఆ వెనక బూడిద రంగు. దాన్ని దాటి ఏముందో తెలియాలంటే నడవాల్సిందే.

పెద్ద యంత్రాలున్నవాళ్లకైనా దక్కింది మరీ ఎక్కువేమీ కాదు. ఆ దీవిని చదరపు గడులుగా కోశారు. ఒక్కో గడి 8192 యూనిట్లు, మన కొలతలో 117 మీటర్ల చిల్లర. మీరున్న గడి, దాని చుట్టూ ఉన్న ఎనిమిది గడులు మాత్రమే ఆట మెమరీలో ఉంటాయి. అందుకని చూపు ఒక గడి దాటకుండా కట్టడి చేశారు. మీటను కుడి చివరకు జరిపినా వంద మీటర్లకు అటూ ఇటూగా పొగమంచు గోడ లేస్తుంది. నా లెక్కలో ఐదు గొలుసులు. ఐదు గొలుసుల అవతల ప్రపంచం లేదు.

ఆ కాలపు మెమరీ కొరత ఎంతదో మరో ఉదాహరణ చెబుతాను. అదే ఆటను 64 ఎంబీ మెమరీ ఉన్న ఎక్స్‌బాక్స్ అనే ఆటల యంత్రం మీద కూడా తెచ్చారు. మెమరీ నిండిపోతే ఏం చేసేవారో టాడ్ హోవార్డే తర్వాత బయటపెట్టారు. ‘లోడ్ అవుతోంది’ అనే బొమ్మ తెర మీద ఉంచి, దాని వెనక యంత్రాన్నే ఆపి మళ్లీ మొదలుపెట్టేవారట. ఆడేవాడికి ఇది కాస్త నిదానమైన లోడింగు, అంతే. ఇలాంటి తెలివి నాకు నచ్చుతుంది. లేనిదాన్ని లేనట్టు కనపడనివ్వకపోవడం కూడా పనితనమే.

మా అమ్మాయి ఆర్కిటెక్చర్ చదువుతోంది. ఆమె బొమ్మలు గీసుకోవడానికి నిరుడు మంచి కంప్యూటర్ కొన్నాం. వేసవిలో ఆమె ఊరెళ్లిన సందు చూసి మారోవిండ్ ఎక్కించాను. పాత డిస్కు పెట్టడానికి కొత్త యంత్రంలో చోటే లేదు. జీఓజీ, స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణాల్లో ఈ ఆట ఇప్పటికీ అమ్ముతున్నారు, తర్వాత వచ్చిన ట్రైబ్యునల్, బ్లడ్‌మూన్ అనే రెండు అనుబంధ కథలతో కలిపి. ధర మీ పట్టికలోని ఏ గీతకూ అందనంత కింద ఉంటుంది. పట్టే చోటు సుమారు ఒక జీబీ. మీరు మెచ్చుకున్న కొత్త ఆబ్లివియన్‌కు వందకు పైగా జీబీలు కావాలని కూడా ఆ వ్యాసంలోనే రాసి ఉంటే పాఠకులకు మేలు జరిగేది.

పాత ఆట కొత్త యంత్రం మీద వెంటనే పరుగు తీస్తుందనుకుంటే పొరపాటు. తెరుచుకుంది గానీ, నేటి తెర వెడల్పుకు అక్షరాలు చీమల బారు అయిపోయాయి. ఈ ఆటలో చదవడమే సగం పని కాబట్టి అది చిన్న ఇబ్బంది కాదు. జనం కిక్కిరిసిన బాల్మోరా వీధుల్లో, ఇంత యంత్రం మీద కూడా, ఆట తడబడింది. కారణం ఉంది. ఇంజనంటే ఆటను నడిపించే ప్రోగ్రాము. ఆ పాత ఇంజను పనంతా ప్రాసెసరులోని ఒకే కోరు మీద వేస్తుంది. ప్రతి కుండనూ ప్రతి దీపాన్నీ విడివిడిగా కార్డుకు అప్పజెబుతుంది. ఎనిమిది మంది గుమస్తాలున్న కార్యాలయంలో ఫైళ్లన్నీ ఒకే బల్ల మీద పేర్చినట్టు. మిగతా ఏడుగురూ, ఖరీదైన కార్డూ ఖాళీగా కూర్చుంటారు. మీ ధరల పట్టిక చూసి ఎవరైనా కార్డు కొంటే ఆ బల్ల మీద ఒక్క ఫైలు కూడా ముందుకు కదలదు.

దీనికి మందు ఓపెన్‌ఎండబ్ల్యూ. 2008 నుంచి స్వచ్ఛందంగా పనిచేస్తున్న ప్రోగ్రామర్లు మారోవిండ్ ఇంజన్‌ను మొదటి నుంచి తిరగరాశారు. కోడు అందరికీ తెరిచి ఉంది, ఉచితం. ఆటలోని బొమ్మలు, మాటలు, సంగీతం మాత్రం అందులో ఉండవు. అవి మీరు కొన్న ప్రతి నుంచే తీసుకుంటుంది. న్యాయమైన ఏర్పాటు. విండోస్‌తో పాటు లినక్స్ మీదా మ్యాక్ మీదా నడుస్తుంది. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, వెడల్పు తెరకు సర్దుకుంటుంది, బాల్మోరాలో తడబాటు పోయింది. పాత ఇంజన్‌నే ఉంచి దానికి అతుకులు వేసే పద్ధతి కూడా ఒకటుంది. ఎంజీఈ ఎక్స్‌ఈ అనే ఉపకరణం, బొమ్మలు గీయడానికి విండోస్ వాడే డైరెక్ట్‌ఎక్స్ 8 కోసం రాసిన ఆటను 9 మీదకు మళ్లించి దూరపు కొండల్ని చూపిస్తుంది. రెండిట్లో నాకు మొదటిదే నచ్చింది.

మా అమ్మాయి తిరిగి వచ్చేసరికి నేను పెలాగియాడ్ అనే ఊరి దారిలో ఉన్నాను. పాత అలవాటు కొద్దీ చూపు దూరం పాత కొలతకే పెట్టుకున్నాను. వెనక నిలబడి కాసేపు చూసి, “నాన్నా, ఇంత మంచేమిటి? కంప్యూటర్ పాడైందా?” అంది. నేను చెప్పేలోపే మౌసు తీసుకుని అమరికల్లోకి వెళ్లి దూరపు నేల చూపించే గడిలో టిక్కు పెట్టి మీటను కుడికి లాగింది.

మంచు పోయింది. ఉత్తరాన రెడ్ మౌంటెన్ శిఖరం లేచింది. ఆగ్నేయంగా నీళ్ల మీద వివెక్ నగరపు మేడలు. ఇరవై ఏళ్ల కిందట ఆ కొండ దిగువకు చేరడానికి బూడిద తుఫానుల్లో ఎన్ని రాత్రులు పడ్డానో నాకు తెలుసు. ఇప్పుడది మా తెనాలి రైలు స్టేషను నుంచి కనిపించే నీళ్ల ట్యాంకు కంటే దూరంగా లేదు. వివెక్ అంటే నా మనసులో ఒక రోజు ప్రయాణం. నిజానికి అది ఆ గుట్ట కింద ఉంది. దీవి చిన్నదని లెక్కల్లో నాకు తెలియనిది కాదు, గడుల సంఖ్యను గడి కొలతతో గుణిస్తే ఎవరికైనా తెలుస్తుంది. కళ్లతో చూడటం వేరు.

అప్పుడు దారులెందుకు అన్ని మెలికలు తిరిగాయో అర్థమైంది. వార్డెన్‌ఫెల్‌లో తిన్నగా పోయే బాట దాదాపు లేదు. ప్రతిదీ ఒక గుట్టను చుట్టి, ఒక లోయలో దిగి, మరో గుట్ట వెనక తేలుతుంది. ఫోయాడాలనే లావా పారిన లోయలు ఇటు నుంచి అటు చూడనివ్వవు, తిన్నగా నడవనివ్వవు. సర్వేయరుగా ఆ బాటలు చూసి పూర్వం చిరాకు పడేవాణ్ని, ఏ ఇంజనీరు వేశాడిది అని. ఐదు గొలుసుల చూపును దృష్టిలో పెట్టుకుని వేసిన బాటలవి. మలుపు తిరిగితే గానీ తర్వాతి ఊరు కనపడకూడదు. కనపడే సమయానికి మీరు అలసి ఉండాలి. యంత్రానికి చేతకానిదాన్ని తీసుకుని దాని మీద ఒక దేశం కట్టారు. మంచు తీసేస్తే ఆ కట్టడంలో ఒక గోడ పడిపోతుంది. కొత్త యంత్రం పాత ఆటకు చేసే ఉపకారం ఎప్పుడూ ఉపకారమే అనుకోకండని మీ రచయితకు నేను చెప్పదలచుకున్నది ఇదే.

మా అమ్మాయి దీన్ని ఒప్పుకోదు. ఆమె వాదన కూడా రాయడం ధర్మం. శిఖరం ఒకటి, వివెక్ మేడలు ఒకటి, రెండిటి దిశలూ పట్టుకుని కాగితపు పటం మీద గీతలు కలిపి తానెక్కడుందో చూపించింది. తెలిసిన రెండు గుర్తుల నుంచి మన చోటు పట్టుకోవడం నేను ఆమెకు చిన్నప్పుడు డాబా మీద నేర్పిన విద్యే. మంచులో అది కుదరదు కదా అంటుంది. ఎదురు చెప్పడానికి నాకు ఎక్కువ లేదు. ఇప్పుడు ఒకే కంప్యూటర్‌లో ఆమె దీవికి మంచు లేదు, నా దీవికి ఉంది.

మంచులో దారి తెలిసేదెలా? మనుషుల్ని అడిగి. కొత్త ఆటలతో పెరిగినవారికి ఇది విచిత్రంగా ఉంటుంది. మారోవిండ్‌లో వెళ్లవలసిన చోటును చూపే బాణం ఉండదు. పని చెప్పినవాడు మాటల్లో చెబుతాడు, అది మీ దినచర్య పుస్తకంలో చేరుతుంది. మొదట్లో కైయస్ పంపగా మీరు బాల్మోరాలో హాస్ఫాట్ అనే పండితుణ్ని కలుస్తారు. తనకు కావలసిన సమాచారం ఇవ్వాలంటే ఆర్క్‌ంగ్‌థాండ్ శిథిలాల నుంచి చిన్న ఘనాకారపు పెట్టె ఒకటి తెమ్మంటాడు. దారి ఇలా: ఊరు దాటి ఓడై నది వంతెన మీదుగా తూర్పుకు, మూన్‌మాత్ కోట పక్క నుంచి ముందుకు, ఫోయాడా మమేయా లోయ మీద డ్వెమర్ జాతివాళ్లు కట్టిన పాత వంతెన దాటి, ఆవల గుట్ట మీదకు. తలుపు ఊరికే తెరుచుకోదు, దగ్గర్లో గొట్టానికి ఉన్న మర తిప్పాలి. వంతెన గుర్తుపట్టకపోతే లోయలోకి దిగిపోయి, బూడిదలో ఎటో నడిచి, క్లిఫ్ రేసర్లనే రెక్కల జంతువుల చేత పొడిపించుకుంటారు. వాటిని తిట్టుకోని ఆటగాడు ఈ లోకంలో లేడు.

నా ఉద్యోగమంతా ఇలాంటి వాక్యాల మీదే నడిచింది. ‘తూర్పు హద్దు ఫలానావారి మాగాణి, ఉత్తరం పంట బోదె, పడమర తాటిచెట్ల వరస’ అని దస్తావేజులో రాసి ఉంటుంది. తాటిచెట్లు కొట్టేసి ఉంటారు. ఊళ్లో ముసలివాళ్లను అడగాలి. ఒకాయన ఒకటి చెబుతాడు, ఆయన వియ్యంకుడు మరొకటి చెబుతాడు. ఇప్పుడు రీసర్వేకు డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. కర్ర నిలబెడితే ఉపగ్రహాలు సెంటీమీటర్లలో చోటు చెబుతున్నాయి. పని వేగమైంది, తగాదాలు తగ్గాలనే నేనూ కోరుకుంటాను. కాని కుర్ర సర్వేయర్లు పొలంలో దిగి, అంకె రాసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బండెక్కి వెళ్లిపోవడం చూస్తున్నాను. ఆబ్లివియన్‌లో దిక్సూచి మీద ఎర్ర బాణం వచ్చింది. పటం మీద నొక్కితే నగరాలకు ఎగిరిపోయే సదుపాయం మొదటి నుంచే ఇచ్చారు. మా కుర్రవాళ్లు ఆడితే వాళ్లకు అదే నచ్చుతుంది, అనుమానం లేదు.

ఆ మార్పు ఊరికే సోమరితనం వల్ల వచ్చిందని మాత్రం అనను. మారోవిండ్‌లో మనుషుల మాటలు దాదాపు అన్నీ రాతలోనే ఉంటాయి. పలకరింపులూ తిట్లూ తప్ప గొంతు వినపడదు. రాత చవక. ఒక్కో ఊరికి ఒక్కో రకంగా, ఒక్కో మనిషికి పది వాక్యాలు రాసుకోవచ్చు. ఆబ్లివియన్‌లో ప్రతి మాటనూ నటుల చేత పలికించారు. పలికించాలంటే డబ్బు, డిస్కులో చోటు, మార్చడానికి వీల్లేని గడువు. అలాంటప్పుడు ‘వంతెన దాటి ఎడమకు’ అని ఊరంతటి చేతా ఎవరు చెప్పిస్తారు? బాణం పెట్టేస్తారు. అలాగే మారోవిండ్‌లో మంత్రం వేసుకుని గాల్లో తేలవచ్చు. టెల్వాన్నీ మాంత్రికుల గోపురాల్లో మెట్లే ఉండవు, తేలడం రానివాడు పైకి పోలేడు. ఆబ్లివియన్‌లో నగరాలను బయటి ప్రపంచం నుంచి వేరు చేసి గోడల లోపల విడిగా లోడు చేశారు. గోడ మీద నుంచి తేలి వస్తే లోపల ఖాళీ కనిపిస్తుంది. కాబట్టి ఆ మంత్రమే తీసేశారు. అందం పెరిగిన చోటల్లా ఏదో ఒక తలుపు మూశారు.

తేలడమంటే గుర్తొచ్చింది. సేడా నీన్ బయట బాట మీద నడుస్తుంటే ఆకాశంలోంచి కేకలు పెడుతూ ఒక మాంత్రికుడు మీ ముందు పడి చస్తాడు. అతని దగ్గర తాను కనిపెట్టిన మంత్రపు చుట్టలు దొరుకుతాయి. చదివి ఎగిరితే సగం దీవి దాటవచ్చు. దిగడం ఎలాగో మాత్రం ఆ చుట్టల్లో లేదు. 2002 నాటి ఈ హాస్యానికి మా అమ్మాయి పగలబడి నవ్వింది. గ్రాఫిక్స్ గురించి అప్పుడేమీ అనలేదు.

తెలుగు మాధ్యమంలో చదివిన నాకు ఈ ఆట ఇంగ్లీషు చదువు కూడా. పక్కన నిఘంటువు పెట్టుకుని ఆడేవాణ్ని. అరల్లో వందలకొద్దీ పుస్తకాలుంటాయి, చాలావాటికి కథతో పనే లేదు. ఒక రాజు గురించి ఒక పుస్తకం పొగిడితే మరొకటి హంతకుడంటుంది. గుళ్లో ఒక చరిత్ర, బూడిద నేలల్లో గుడారాలు వేసుకునే సంచారుల దగ్గర మరో చరిత్ర. మీరు జోస్యంలో చెప్పిన వీరుడి పునర్జన్మా, లేక ఆ వేషానికి సరిపోయిన ఖైదీవా అన్నది చివరి దాకా తేలదు. కథకు కీలకమైన మనిషిని మీరు చంపితే ఆట అడ్డుపడదు. జోస్యపు దారం తెగిపోయిందని, ముందు దాచుకున్న చోటికి వెళతావో ఈ చెడిన లోకంలోనే ఉంటావో నీ ఇష్టమని ఒక ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఆబ్లివియన్‌లో అలాంటివారు చావరు, కాసేపు స్పృహ తప్పి లేచి దులుపుకుంటారు.

దీన్ని దేవుడి పటంలా చూస్తున్నానని అనుకోకండి. పోట్లాట దండగ. ఎదుటివాడి ఒంటి మీద కత్తి తగిలినట్టు కళ్లకు కనపడుతుంది, లోపల ఆట వేసుకునే పాచిక మాత్రం తగల్లేదంటుంది. పరుగెత్తి అలసిపోతే గురి ఇంకా తగ్గుతుందని ఎవరూ ముందు చెప్పరు. నడక మొదట్లో నత్తను మించదు. ఇప్పుడు అమ్మే కూర్పులో అనుబంధ కథలు కలిసి ఉండటం వల్ల ఇంకో తంటా వచ్చింది. ఒంటి మీద సరైన చొక్కా లేని కొత్తవాడు నిద్రపోగానే కిరాయి హంతకుడు వచ్చి పడతాడు. ట్రైబ్యునల్ కథ అలా మొదలవుతుంది. అది ఆట ముగించి బలపడినవారి కోసం రాసినది. ఆ సంగతి హంతకుడికి ఎవరూ చెప్పలేదు.

ఇక మీ రచయిత మెచ్చిన కొత్త ఆబ్లివియన్ సంగతి. దాన్ని తయారుచేసిన వర్చువోస్ సంస్థ పాత ఆటను తీసేసి కొత్తది పెట్టలేదు. బొమ్మ గీసే పని మాత్రమే అన్‌రియల్ ఇంజన్ 5 చేస్తుంది. మనుషులెలా నడవాలి, తలుపెలా తెరుచుకోవాలి, ఎవరు ఎవర్ని చూసి ఏమనాలి అన్నవన్నీ అడుగున ఉన్న 2006 నాటి ఇంజనే చూసుకుంటుంది. అంటే జనం ఎగబడి కొన్నది ఆ పాత ఆటనే. పాతది చూడదగ్గది కాదన్న వాక్యాన్ని మీ వ్యాసం తన ఉదాహరణతోనే కొట్టేసుకుంది.

అన్ని పాత ఆటలకూ ఈ అదృష్టం లేదు. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటల్లో ఇప్పుడు మామూలుగా కొనుక్కోగలిగేవి 13 శాతమే. మిగతావి పాత డిస్కుల్లో, సేకరించేవాళ్ల అటకల మీద ఉన్నాయి, లేదా లేవు. మారోవిండ్ బతికిందంటే సగం పుణ్యం ఆటతో పాటే ఇచ్చిన కన్‌స్ట్రక్షన్ సెట్ అనే ఉపకరణానిది. దీవిని తయారుచేసిన పనిముట్టునే ఆడేవాళ్ల చేతికిచ్చారు. ఆట ఇంకా బయటికి రాకముందే, 2001లో, ‘టామ్రియెల్ రీబిల్ట్’ అనే స్వచ్ఛంద బృందం మొదలైంది. దీవికి ఆవల పటంలో పేరుకు మాత్రమే ఉన్న ప్రధాన భూభాగాన్ని కట్టడం వాళ్ల సంకల్పం. ఇప్పటికీ కడుతున్నారు, భాగాలుగా విడుదల చేస్తున్నారు. నేను తూర్పు తీరం దాటి వాళ్లు కట్టిన నేల మీదకు కూడా వెళ్లాను. అక్కడి ఊళ్లలోనూ దారి అడిగితే మాటల్లోనే చెబుతారు.

నేను మిమ్మల్ని కోరేది పెద్దదేమీ కాదు. మీ పత్రికలో పాత సినిమాలకు వారం వారం అర పేజీ ఉంది. నలుపు తెలుపులో ఉంది కాబట్టి చూడదగ్గది కాదని ఆ పేజీలో ఎవరూ రాయరు, రాస్తే మీరే వెయ్యరు. ఆటలకు నెలకొకసారి పావు పేజీ ఇవ్వండి. కార్డుల ధరలు కాకుండా, ఒక పాత ఆటను తీసుకుని ఎవరు చేశారు, ఏ యంత్రం కోసం చేశారు, ఆ యంత్రంలో లేనిదాన్ని ఎలా నెట్టుకొచ్చారు, ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది అని రాయించండి. ఇంట్లో మామూలు కంప్యూటర్ మాత్రమే ఉన్న పిల్లలకు అలాంటి వ్యాసం మీ పట్టిక కంటే పనికొస్తుంది. బెథెస్డావారు 2019లో ఈ ఆట వరుసకు పాతికేళ్లు నిండినప్పుడు కొద్ది రోజులు మారోవిండ్‌ను ఉచితంగా పంచారు. ఆ సంగతి తెలుగులో చదివి ఉంటే ఎంతమంది తెచ్చుకునేవారో.

మీ రచయిత ఈ ఆట ఆడదలిస్తే ఓపెన్‌ఎండబ్ల్యూలో అక్షరాలు మాత్రం పెద్దవి చేసుకుని, చూపు దూరాన్ని ముట్టుకోకుండా కనీసం ఆర్క్‌ంగ్‌థాండ్ దాకా నడవమని చెప్పండి. తలుపు తీసే మర గొట్టానికి ఉంటుందని పైనే రాశాను. హాస్ఫాట్ అడిగిన పెట్టె లోపల ఎక్కడుందో మాత్రం నేను చెప్పను. అరలన్నీ వెతుక్కోమనండి.

భవదీయుడు,
ఒక సర్వేయరు,
తెనాలి